ఏదున్నా మేకతో చెప్పండి

ఇందులో రాయబోయే ప్రతి ముక్కా నిజం. మూసీ మీద ఒట్టు, కృష్ణ మీద ఒట్టు. ఆ రెండూ కలిసే వాడపల్లి దగ్గర మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబెట్టి అడిగినా ఇదే చెబుతాను. మిర్యాలగూడలో నన్ను ఎరిగినవాళ్ళు ఈపాటికే నవ్వడం మొదలుపెట్టి ఉంటారు. నవ్వనివ్వండి. రైతుకీ రైస్ మిల్లుకీ మధ్య ధాన్యం బేరాలు కుదిర్చే పని నాది. తేమ వడ్లను ఎండిన వడ్లుగా, ఎండిన వడ్లను బంగారంగా వర్ణించడమే నాకు కూడు పెట్టే విద్య. దామరచర్ల పవర్ ప్లాంటు పొగగొట్టం మీద కొంగ గూడు పెట్టిందనీ, ఆ వేడికి గుడ్లు వాటంతటవే ఉడికి కూలీలకు పొద్దున నాస్తా అవుతున్నాయనీ ఒకసారి చెబితే, ఇద్దరు మనుషులు బండేసుకుని చూడ్డానికి పోయారు. అలాంటివాణ్ని. అయినా ఇది మాత్రం నిజం.

పోయిన నెల మిల్లు దగ్గర లారీ లోడు చేయిస్తుండగా మా అమ్మాయి ఫోన్ చేసింది. "డాడీ, మేక మేడం చనిపోయిందంట" అని, తర్వాత ఏమీ అనకుండా ఊరుకుంది. మా అమ్మాయి ఊరుకోవడం చాలా అరుదు. ఇంటర్ చదువుతోంది. బస్ కండక్టర్లతో, లెక్చరర్లతో, నాతో, దొరికినవాళ్ళందరితో వాదనకు దిగుతుంది. ఫోన్లో ఆ నిశ్శబ్దం వినగానే నాకు పాత నిశ్శబ్దం ఒకటి గుర్తొచ్చింది.

ఆవిడ పేరు రాయను. పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు కూడా. సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో ఆవిడ మేక మేడమే. పిల్లల మనసుల్లో పడ్డ చిక్కులను ఆటలతో, జంతువులతో విప్పే చదువు చదువుకుంది. వారంలో ఒకరోజు మిర్యాలగూడలో, ఒకరోజు సూర్యాపేటలో అద్దె గదుల్లో కూర్చునేది. మిగతా రోజులు కోదాడలో సొంతింట్లో. మేక కూడా ఊళ్ళు తిరిగేది. ట్రాలీ ఆటోలో మేక నిలబడేది, మేడం దాని కాళ్ళ దగ్గర కూర్చునేది. ఎన్నికల్లో గెలిచిన సర్పంచ్ ఊరేగుతున్నట్టు అది అటూ ఇటూ చూసుకుంటూ పోతుంటే, ఈవిడ దాని అనుచరురాలిలా ఒళ్ళో సంచి పెట్టుకుని ఉండేది.

ఆవిడ చీరలన్నిటికీ కొంగు చివర నమిలి ఉండేది. కొత్త చీర కట్టిన రోజు తనే కొంగు తీసి మేక నోటికి అందించి, "తొందరగా కానివ్వండి, ఒక పనైపోతుంది" అనడం నా చెవులతో విన్నాను. మేకను ఎప్పుడూ మీరు అనేది. మనుషులను మాత్రం సమయాన్ని బట్టి. కళ్ళద్దాల కాడ ఒకటి మేక పొట్టలోకి పోతే, దాని బదులు దారం కట్టి చెవికి తగిలించుకుంది. నవ్వితే భుజాలు కదిలేవి గానీ చప్పుడు వచ్చేది కాదు.

ఆవిడ గదిలో ఒక కట్టుబాటు ఉండేది. పిల్లలను ఎవరూ ఏమీ అడగకూడదు. ఎలా ఉన్నావు, ఏం తిన్నావు, పేరేంటి, ఏదీ లేదు. "ఏదున్నా మేకతో చెప్పండి" అనేది. మొదటిసారి వచ్చిన తండ్రులను చూడాలి. మీసాలున్న మనుషులు, ఊళ్ళో పంచాయతీలు చెప్పేవాళ్ళు, గొంతు సవరించుకుని మేక మొహంలోకి చూసి "మావాడు ఇంకా పక్క తడుపుతున్నడండి" అని విన్నవించుకునేవారు. పెద్దవాళ్ళు సిగ్గు వదిలి మేకతో మాట్లాడుతుంటే పిల్లలు మూలలోంచి చూసేవారు. కొన్నాళ్ళకు వాళ్ళూ వచ్చి దాని చెవిలో ఏదో చెప్పేవారు. అది జవాబివ్వదు, సలహా చెప్పదు, ఇంకొకరికి మోయదు. ప్రతి పిల్లా దానికి ఒక పేరు పెట్టేది. అది ఏ పేరుకీ పలికేది కాదు.

మా అమ్మాయి చిన్నప్పుడు ఇంట్లో గలగలా మాట్లాడేది. గడప దాటితే ఒక్క మాట లేదు. బడిలో చేర్చి నెలలు గడిచినా టీచరు దాని గొంతు వినలేదు. మొండితనమనుకున్నాం. తిట్టాను, చాక్లెట్లు కొనిపెట్టాను, తాయెత్తు కట్టించాను. చివరికి ఆ టీచరే మేక మేడం సంగతి చెప్పింది. అది మొండితనం కాదట, భయమట. బయట గొంతు పట్టేసినట్టు అయితదట.

మిర్యాలగూడలో మేడం కూర్చునే గది మా ఇంటికి రెండు వీధుల అవతల. అక్కడికి తీసుకుపోలేదు. మా వీధివాళ్ళు చూస్తారు. సూర్యాపేట గదికీ తీసుకుపోలేదు. అక్కడ మా అత్తగారి వాళ్ళు చూస్తారు. పిచ్చి డాక్టరు దగ్గరికి బిడ్డను తిప్పుతున్నాడన్న మాట పుడితే అది ఎంత దూరం పోతుందో నాకు తెలియదా? మాటలను దూరం పంపడమే కదా నా పని. అందుకని హుజూర్‌నగర్‌లో బస్సు మారి కోదాడ దాకా పోయేవాళ్ళం. తర్వాత తెలిసిందేమంటే మిర్యాలగూడ గదికి కోదాడవాళ్ళు, కోదాడ ఇంటికి సూర్యాపేటవాళ్ళు, సూర్యాపేట గదికి మా మిర్యాలగూడవాళ్ళు వచ్చేవారట. మూడు ఊళ్ళ నామోషీ ఒకదాని ఇంట్లో ఒకటి దాక్కునేది.

వచ్చే ప్రతి కుటుంబం ఒక ఆకు మోపు తేవాలి. తుమ్మో సుబాబులో, దొరికిన కొమ్మలు. పిల్ల తన చేత్తో మేకకు పెట్టాలని మేడం ఉద్దేశం. మాకు మాత్రం అది దొరికిన సాకు. ఎవరైనా ఎదురైతే మోపు కాస్త పైకెత్తి చూపించేవాళ్ళం, మేక మేపే పని మీద పోతున్నట్టు.

మొదటి రోజు మా అమ్మాయి గోడకు అంటుకుని నిలబడింది. మేక దాన్ని చూసింది, నన్ను చూసింది, లేచి తలుపులోంచి బయటికి పోయింది. అంత దూరం వచ్చి ఇదేమిటని నేను పరుగెత్తి మేక చెవులు పట్టుకుని లోపలికి లాగబోయాను. మేడం నా చెయ్యి మీద ఒక్కటి వేసింది.

"వదలండి. రానని చెప్పే హక్కు దానికుంది. అందుకే ఆ తలుపు ఎప్పుడూ వెయ్యను."

నేను వదిలాను. మేడం మేక వెంట వరండాలోకి పోయి, నాకు కాకుండా దానికే చెప్పింది, "పాపకి కూడా ఉందండీ ఆ హక్కు. వాళ్ళ నాన్నగారికి మెల్లగా తెలుస్తుందిలెండి."

గోడకు అంటుకున్న మా అమ్మాయి ఆ మాటకు తల తిప్పి తలుపు వైపు చూసింది.

కొన్ని వారాలకు అది మేకతో బడి ఆట మొదలుపెట్టింది. తను టీచరు, మేక విద్యార్థి. గదిలో ఇసుక తొట్టి, చెక్క బొమ్మలు, నల్ల పలక ఉండేవి. కిటికీ పక్కన నిలబడి విన్నాను. మా అమ్మాయి హాజరు పిలిచింది. మేక పలకలేదు. మళ్ళీ పిలిచింది. పలకలేదు. ఇప్పుడు కొడుతుందేమో, నా లాగే తిడుతుందేమో అనుకున్నాను. అది మేక మెడ చుట్టూ చెయ్యి వేసి గుసగుసగా అంది. "నీకు మాటొస్తది. నాకు తెల్సు. ఇప్పుడు రాకుంటే మల్ల చెప్పు."

ఆ రోజు తిరుగు బస్సులో నేను ఎవరికీ ఏ కథా చెప్పలేదు. పక్క సీటాయన ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

అలాగే ఉండిపోయి ఉంటే ఎంత బాగుండేది. మేడం ఒక ఏర్పాటు చేసింది. మేకను తనే మా అమ్మాయి బడికి తీసుకువస్తుందట. తరగతిలో మేకను టీచరుకు పరిచయం చేసే పని మా అమ్మాయిదట. చెబితే చెబుతుంది, లేకపోతే మేక కాసేపు నిలబడి వచ్చేస్తుంది. మా అమ్మాయి ఇంట్లో దానికోసం రోజూ సాధన చేసేది. "టీచర్, ఇది మేక" అని. అద్దంతో చెప్పేది, వాళ్ళమ్మతో చెప్పేది, తలుపుతో చెప్పేది.

ఆ రోజుల్లోనే హుజూర్‌నగర్ బస్టాండులో పాలకీడు ఊరి రైతు ఒకతను తగిలాడు. నా ద్వారా వడ్లు అమ్మేవాడు. నా సంకలో మోపు, పక్కన పిల్ల.

"ఏందన్నా, వడ్ల బేరం బంద్ పెట్టి ఆకుల బేరం పెట్టినవా?"

అంతే, నా నోరు తెరుచుకుంది. కోదాడలో ఒక మేక ఉందన్నాను. వాడపల్లి సంగమం ఒడ్డున పుట్టిందన్నాను. రెండు నదుల నీళ్ళు తాగిన ఆకు తప్ప వేరేది ముట్టదనీ, నా సంకలో ఉన్నది ఆ ఆకేననీ, దాని పాలు పరగడుపున తాగితే మోకాళ్ళ నొప్పి అన్న మాటే ఉండదనీ చెప్పాను. సూర్యాపేటలో మా అత్తగారు ఏళ్ళ తరబడి నేల మీద కూర్చోలేని మనిషి, ఇప్పుడు పొద్దున లేస్తే మేడ మెట్లు ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం, మామగారు వద్దని బతిమాలుతున్నా వినడం లేదని చెప్పాను. అతను నోరు తెరుచుకుని విన్నాడు. విని, "మరి పాప ఎందుకే?" అన్నాడు.

"పాపకేముంది. ఉత్తగనే, తోడుకు వస్తది" అన్నాను.

మా అమ్మాయి అప్పటిదాకా నా చొక్కా అంచు పట్టుకుని ఉంది. వదిలేసింది. అప్పుడు నేను గమనించలేదు. గమనించలేదని ఎందుకు రాయాలి, గమనించాను.

కథ నాకంటే ముందు కోదాడ చేరింది. కొన్నాళ్ళకు మేడం ఇంటి ముందు గ్లాసులు, టిఫిన్ డబ్బాలు పట్టుకుని మనుషులు నిలబడటం మొదలైంది. అది ముసలి మేక. దాని పొదుగులో పాలచుక్క లేదు. మేడం ఎంత చెప్పినా, తెలిసినవాళ్ళకే ఇస్తుందని గొణుక్కుంటూ కిటికీల్లోంచి తొంగిచూసేవారు. దామరచర్ల వైపు నుంచి ఒక ముసలాయన శుభ్రంగా కడిగిన నీళ్ళ సీసా పట్టుకుని, బస్సు మీద బస్సు మారి వచ్చాడు. మేడం ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, పాలు లేవని ఓపిగ్గా చెప్పింది. ఆయన అంతా విని, "రేపు రమ్మంటవా బిడ్డా?" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు గూడ పాలకేనా?" అని అడిగాడు. ఒళ్ళో మోపుతో కూర్చుని ఉన్నాను. తల ఊపాను, అవునని.

ఆ జనానికి మేక బెదిరిపోయింది. మంచం కిందికి దూరి, ఏ పిల్ల పిలిచినా రావడం మానేసింది. దానితో నోరు విప్పిన పిల్లలు మళ్ళీ మూగనోము పట్టారు. బడికి తీసుకుపోయే సంగతి ఆగిపోయింది. మా అమ్మాయి ఇంట్లో అద్దంతో మాట్లాడటం కూడా మానేసింది.

ఒక ఆదివారం మేడం మమ్మల్నందరినీ పిల్లలతో సహా రమ్మంది. గది నిండా తల్లిదండ్రులం. మంచం కింద మేక తోక మాత్రం కనబడుతోంది. మేడం నేల మీద చతికిలబడి ఆ తోకతోనే మాట్లాడింది.

"ఎవరండీ మీకు పాలు పుట్టించింది? నేను తిట్టనండీ. ఆ ముసలాయన ఉత్త సీసా పట్టుకుని పోయాడు. ఎవరో తెలిస్తే, ఆయన దగ్గరికి పోయి నిజం చెప్పి రమ్మందాం. అంతే."

నేను ఫ్యాను వైపు చూస్తున్నాను. ఎంత బాగా తిరుగుతోందో అనుకున్నాను. అప్పుడు మా అమ్మాయి నా పక్క నుంచి లేచి, మంచం దగ్గర మోకాళ్ళ మీద వంగింది. గుసగుసలాడలేదు. మా ఇంట్లో మాట్లాడే గొంతుతోనే చెప్పింది.

"మా డాడీ."

ముందు నాకు పట్టరాని సంతోషం కలిగింది. బయటి మనుషుల మధ్య నా బిడ్డ గొంతు మొదటిసారి వింటున్నాను. ఆ గొంతు పట్టిచ్చింది నన్నేనని తెలియడానికి కాసేపు పట్టింది.

మేడం మా అమ్మాయి వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు. "ఎందుకటండీ?" అని మేకనే అడిగింది.

"నేను ఈడికి వస్తున్నట్టు ఎవలకు తెల్వద్దంట. డాడీకి నాతోని నామోషి" అంది మా అమ్మాయి, మేకకే.

గదిలో ప్రతి ఒక్కరూ తమ ఒళ్ళో ఉన్న మోపు వైపు చూసుకున్నారు. మంచం కింద కదలిక వినిపించింది. మేక బయటికి రాలేదు గానీ, ఇటు తిరిగి మూతి ముందుకు చాపి మా అమ్మాయి చెయ్యి వాసన చూసింది. మేడం భుజాలు ఒకసారి కదిలాయి. "పాప పని చాలావరకు అయినట్టేనండీ. ఇక ఆయన్ని కూర్చోబెడదాం" అంది.

కూర్చోబెట్టింది కూడా. వారం తిరిగాక నన్నొక్కణ్నే మేక ముందు కూర్చోబెట్టి, ఒక్క నిజం చెప్పమంది. చిన్నదైనా ఫరవాలేదంది. నా బిడ్డంటే నాకు ప్రాణం అని మొదలుపెట్టాను. అది నిజమే. కానీ నా నోటికి ఒక వాక్యంతో ఆగడం చేతకాదు. ప్రాణం ఎంతంటే అని సాగదీసి, అది పుట్టిన రోజు మూసీకి వరదొస్తే ఈదుకుంటూ దవాఖానకు పోయానన్నాను. మేక లేచింది. తీరిగ్గా ఒళ్ళు దులుపుకుని, తెరిచిన తలుపులోంచి వెళ్ళిపోయింది. వరండాలోంచి మేడం "దానిష్టం" అంది.

దామరచర్ల ముసలాయన దగ్గరికి పోయాను. అబద్ధం చెప్పానని చెప్పడానికే పోయాను. అక్కడ నిలబడ్డాక, మేక వట్టిపోయింది తాతా అన్నాను. ఆయన అయ్యో అన్నాడు. ఆ సంగతి మేడానికి ఎలా తెలిసిందో తెలియదు. ఆ తర్వాత ఎప్పుడు కనబడ్డా నన్ను పలకరించడం మాని, మేకతో అనేది, "ఈయన అత్తగారు మెట్లెక్కుతున్నారేమో కనుక్కోండి." ఇంకొక్క మాట అనేది కాదు. తిడితే బాగుండు అనిపించేది.

మేక కోలుకున్నాక బడికి వచ్చింది. మా అమ్మాయి "టీచర్, ఇది మేక" అంది. టీచరు ఏడ్చిందట. నేను ఆ రోజు వడ్ల లోడు ఉందని పోలేదు. లోడు లేదు. బడి ముందు మేక ట్రాలీ ఆటో దిగుతుంటే వీధివాళ్ళు చూస్తారని పోలేదు.

మేడం పోయిన మర్నాడు నేనూ మా అమ్మాయీ కోదాడ పోయాం. పొద్దున్నే లేచి మా అమ్మాయి ఎక్కడో తుమ్మ కొమ్మలు కోయించి మోపు కట్టించింది. ఇంటి ముందు షామియానా, కుర్చీలు, ప్రార్థన. ఆ పాత మేక ఎప్పుడో పోయింది. ఇప్పుడున్నది మరొకటి. జనంలోకి రాకుండా ఎవరో దాన్ని వరండా స్తంభానికి కట్టేశారు. ఆ ఇంట్లో కట్టేసిన మేకను చూడటం నాకు అదే మొదలు. మా అమ్మాయి ఎవరినీ అడగకుండా పోయి తాడు విప్పింది.

ప్రార్థన అయ్యాక పాస్టరుగారు, మేడం గురించి ఎవరైనా చెప్పదలుచుకుంటే రమ్మని మైకు చూపించారు. కుర్చీల్లో నాకు తెలిసిన మొహాలు చాలా ఉన్నాయి, పాత మోపుల తల్లులు, తండ్రులు. నేను లేచాను. మైకు దగ్గరికి పోయి చెప్పాను. నా బిడ్డకు గడప దాటితే మాట వచ్చేది కాదనీ, ఈ ఇంట్లోనే వచ్చిందనీ, ఈ ఇంటికి వస్తున్నట్టు తెలియకూడదని పాల కథ పుట్టించింది మా ఇంటి మనిషేననీ, మేడం బతికుండగా ఆ మాట పదిమందిలో చెప్పలేదనీ, ఇప్పుడు చెబుతున్నాననీ. నేను దిగాక ఒక తల్లి లేచి తన కొడుకు గురించి చెప్పింది. తర్వాత ఇంకొకరు. సూర్యాపేటవాళ్ళు, మిర్యాలగూడవాళ్ళు, ఎవరి ఊరి పేరు వాళ్ళు చెప్పుకుని మరీ మాట్లాడారు.

మూసీ మీదా కృష్ణ మీదా ఒట్టు వేశాను కనుక ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. కొంగు నమిలించడం నిజం, తోకతో మాట్లాడటం నిజం, మేక లేచిపోవడం నిజం. మైకు దగ్గరికి పోయింది మాత్రం నేను కాదు.

పాస్టరుగారు పిలిచినప్పుడు పక్క కుర్చీలో ఒక కొత్త మనిషి, మేడం తరఫు బంధువట, మీకు ఈవిడ ఎట్లా పరిచయమని నన్ను మర్యాదగా అడిగాడు. మేకలకు ఆకు సప్లై చేసేవాణ్నని చెప్పాను. మా అమ్మాయి నాకు ఇటుపక్కనే ఉంది. విని, నా వైపు తిరగను కూడా తిరగకుండా లేచిపోయింది. పైన నేను చెప్పినట్టు రాసిన మాటలన్నీ అది చెప్పినవే. నా బిడ్డకు అని నేను రాసిన చోట అది నాకు అంది. పాల కథ దగ్గర మా ఇంటి మనిషి అని మాత్రమే అంది, నా పేరు చెప్పలేదు. ఆ దయ కూడా దానిదే.

అది మాట్లాడుతున్నంతసేపు నేను కుర్చీలో కూర్చోలేక వరండాలోకి పోయి, మోపు విప్పి మేకకు కొమ్మలు పెడుతున్నాను. ఆ బంధువు నా వెనకే వచ్చాడు. మైకు వైపు చూస్తూ, "ఎంత బాగా చెబుతోందండీ. ఎవరమ్మాయి?" అన్నాడు.

మేక మెడకు తాడు లేదు. వెనక గేటు తెరిచే ఉంది.

"నా బిడ్డ" అన్నాను. ఇంకేదో కలపబోయి, ఆపుకున్నాను.

మేక నా చేతిలో కొమ్మ నములుతూ అక్కడే నిలబడింది.